పదకొండు ఇనుప గుండ్లు

(విజయవాడలో జరిగిన మన సంఘం సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మన సమావేశాల్లో మామూలుగా డి.ఏ. బకాయిలు, మెడికల్ బిల్లులు, లైఫ్ సర్టిఫికెట్లు, ఇవే మాట్లాడుకుంటాం. ఈసారి కార్యదర్శిగారు ఫోను చేసి, "మీరు అమెరికా వెళ్ళొచ్చారు కదా, అక్కడి విశేషాలు ఒక అరగంట చెప్పండి" అన్నారు. అమెరికా వెళ్ళొచ్చినవారు నయాగరా జలపాతం గురించి చెప్పడం ఆనవాయితీ. ఆ జలపాతం నేనూ చూశాను. ఫొటోల్లో మీరూ చూసే ఉంటారు. కాబట్టి నేను దాని జోలికి పోకుండా, అక్కడ చూసిన ఫిరంగి గుండ్ల పోటీ గురించి చెబుతాను. ఆ పోటీ చూశాక మన బందరు గుర్తొచ్చింది. బందరుతో పాటు నా ఉద్యోగంలో నేను చేసిన ఒక పొరపాటు కూడా గుర్తొచ్చింది. నలభై ఏళ్ళు దాటినా ఆ పొరపాటు ఎవరికీ చెప్పలేదు. ఇవాళ మీ ముందు చెప్పేస్తాను.

మా అబ్బాయి వర్జీనియా రాష్ట్రంలో ఉంటాడు. మే నెలలో ఒక శనివారం, "నాన్నా, నీకు చరిత్ర ఇష్టం కదా, రా" అని వించెస్టర్ ఊరి దగ్గరికి తీసుకెళ్ళాడు. ఆ చోటు పేరు ఫోర్ట్ షెనాండోవా. పేరులో కోట ఉంది గాని బురుజులూ గోడలూ ఏమీ లేవు. కొండల మధ్య పెద్ద మైదానం. నార్త్ సౌత్ స్కర్మిష్ అసోసియేషన్ అనే సంఘంవారిది. 1950లో మొదలైన సంఘం. అమెరికాలో 1861 నుంచి 1865 దాకా ఉత్తరాదివారికీ దక్షిణాదివారికీ అంతర్యుద్ధం జరిగింది కదా, ఆనాటి తుపాకులతో, ఫిరంగులతో ఏడాదికి రెండుసార్లు జాతీయ పోటీలు పెట్టుకుంటారు. మనకు సంక్రాంతికి ఎడ్ల బండలాగుడు పందేలు ఎలాగో వాళ్ళకు ఇది అలాగ. కుటుంబాలతో వచ్చి గుడారాలు వేసుకుంటారు.

వాళ్ళు వాడేది పాతకాలపు నల్లటి మందు. ఇంటికొచ్చాక మా ఆవిడ ముందు "నల్లమందు" అనేశాను. ఆవిడ కంగారుపడింది. ఆ నల్లమందు కాదండీ, తుపాకి మందు. సూరేకారం, బొగ్గు, గంధకం కలిపి నూరినది. నూరు పాళ్ళలో 75 పాళ్ళు సూరేకారం, 15 బొగ్గు, 10 గంధకం. మన దీపావళి మందుల తాతగారు అనుకోండి. ఫిరంగి పేలగానే తెల్లటి పొగ లేచింది, మతాబుల వాసన వచ్చింది. ఆ వాసనకు నేను ఒక్క క్షణం మా ఊళ్ళో ఉన్నాను.

ఒక్కొక్క ఫిరంగి దగ్గర నలుగురైదుగురు మనుషులు. ఒకడు మెలికల కొక్కెం ఉన్న కర్రతో గొట్టంలో మిగిలిన గుడ్డపీలికలు, కాగితం ముక్కలు లాగేస్తాడు. తరవాత తడి కుంచెతో తుడుస్తాడు, లోపల నిప్పురవ్వ మిగలకుండా. మళ్ళీ పొడి కుంచె. అప్పుడు ముందే తూచి పొట్లం కట్టిన మందు పెట్టి, దాని మీద గుండు పెట్టి దట్టిస్తారు. దట్టించేంతసేపూ ఒకడు వెనక రంజకపు రంధ్రం మీద బొటనవేలు అదిమిపెట్టి ఉంచుతాడు. గాలి దూరితే నిప్పురవ్వ రాజుకుంటుందని జాగ్రత్త. అంతా అయ్యాక అందరూ పక్కకు తప్పుకుంటారు, ఒకడు తాడు లాగుతాడు. ఫిరంగి చక్రాల మీద వెనక్కి దొర్లుతుంది. 200 గజాల దూరంలో నిలబెట్టిన గురిలో చిల్లు పడుతుంది. తొందర లేదు, అరుపులు లేవు. మన ట్రెజరీలో బిల్లు పాసైనట్టు ఒక్కొక్క బల్ల మీదుగా పని నడుస్తుంది.

ఇక గుండు సంగతి. సినిమాల్లో ఫిరంగి గుండు పడగానే పేలుతుంది. పోటీల్లో పేలే గుండ్లు పనికిరావు. లోపల ఏ మందూ లేని గట్టి గుండ్లే వాడాలి. పైగా పాత గుండ్లు వాడరు, కొత్తగా పోత పోయించుకుంటారు. పాతది ఎక్కడ దొరికినా అది చరిత్ర. దాన్ని మట్టిదిబ్బలోకి కాల్చి పారేయడం వాళ్ళకు ఇష్టం ఉండదు.

గుండ్లు ముఖ్యంగా రెండు రకాలు. గొట్టం లోపల నున్నగా ఉండే ఫిరంగులకు గుండ్రటి ఇనుప గుండు. గొట్టం లోపల మరలు చెక్కిన ఫిరంగులకు పొడుగాటి గుండు, ముందు మొన, వెనక చదును. ఈ పొడుగు గుండుకు వెనకవైపు సీసంలాంటి మెత్తటి లోహంతో గిన్నెలాంటి అంచు ఉంటుంది. మందు అంటుకోగానే ఆ అంచు విచ్చుకుని మరల్లోకి కూరుకుపోతుంది. గుండు బొంగరంలా తిరుగుతూ బయటికి వెళుతుంది. బొంగరం తిరిగినంతసేపూ నిలబడినట్టే, తిరిగే గుండు దారి తప్పదు. పోటీదారులు కొందరు ఈ గుండ్లు సీసంతో, కొందరు జింకుతో పోయించుకుంటారు. చిన్న మోర్టార్లతో ఇంకో పోటీ ఉంది. గుండును ఆకాశంలోకి ఎత్తి వేసి, దూరంగా పాతిన మేకుకు ఎంత దగ్గర పడిందో టేపుతో కొలుస్తారు. ఇళ్ళ దగ్గర సరదాకి కాల్చేవారు గోల్ఫు బంతులు, సిమెంటు నింపిన డబ్బాలు కూడా వేస్తారట.

గుండ్రటి గుండులో ఒక చిక్కు ఉంది. గుండు గొట్టంలోకి దిగాలంటే గొట్టం కంటే కొంచెం చిన్నదిగా ఉండాలి. ఆ సందు ఎక్కువైతే గుండు లోపల అటూ ఇటూ కొట్టుకుంటూ వెళ్ళి, చివరి దెబ్బ ఏ వైపు తగిలితే దానికి ఎదురువైపు పోతుంది. మందు బలం కూడా ఆ సందులోంచి పోతుంది. 18వ శతాబ్దపు ఇంగ్లీషువారి 12 పౌన్ల ఫిరంగికి గొట్టం లోవెడల్పు 4.62 అంగుళాలు, గుండు 4.40 అంగుళాలు. సందు 0.22 అంగుళం. అమెరికా అంతర్యుద్ధం నాటి 12 పౌన్ల నెపోలియన్ ఫిరంగికి గొట్టం అదే 4.62 అంగుళాలు, గుండు 4.52. అంటే వందేళ్ళలో సందు సగానికంటే తగ్గింది. పోత పని అంత శుభ్రపడింది.

అక్కడ ఒక పెద్దాయన కనిపించాడు. నా ఈడువాడే, తపాలా శాఖలో పనిచేసి రిటైరయ్యాడట. పెన్షనరూ పెన్షనరూ ఏ దేశంలోనైనా పది నిమిషాల్లో కలిసిపోతారు. ఆయన దగ్గర ఒక చెక్కపెట్టెలో గుండ్లు వరసగా పేర్చి ఉన్నాయి. చేతిలో పిడి ఉన్న ఇనుప కడియం. ప్రతి గుండునూ ఆ కడియంలోంచి అన్ని వైపులకూ తిప్పి జారవిడిచి చూస్తున్నాడు. తరవాత చిన్న త్రాసు మీద తూచి ఒక నోటుబుక్కులో రాస్తున్నాడు. ప్రతి గుండుకూ ఒక నంబరు. నంబరు పక్కన వెడల్పు, బరువు, ఎక్కడ పోయించింది, కిందటిసారి కాలిస్తే గురికి పైన పడిందా కింద పడిందా, అన్నీ గళ్ళు. "ఇంత రాతకోతలెందుకండీ?" అని మా అబ్బాయి చేత అడిగించాను. తేలిక గుండు పైన పడుతుంది, బరువు గుండు కింద పడుతుంది, ఏది ఏదో రాసిపెట్టుకోకపోతే అన్నీ ఒకటే అన్నాడాయన.

నాకు నవ్వు రావాలి. రాలేదు. ఎందుకంటే ఆ పెట్టెలో ఉన్నలాంటి గుండ్లు నేను ఉద్యోగంలో ఆరేళ్ళు రోజూ చూశాను. వాటికి కూడా ఒక రిజిస్టరు ఉంది. ఆ రిజిస్టరు రాసినవాణ్ణి నేనే.

నేను 1973లో ఎల్.డి.సి.గా చేరాను. కృష్ణా డెల్టాలో ఒక చిన్న కార్యాలయం. దాని పేరు చెప్పను. తప్పు ఆఫీసుది కాదు, నాది. ఆ ఆఫీసులో పదకొండు ఇనుప గుండ్లు ఉండేవి. ఒక్కొక్కటి పీచు తీసిన చిన్న కొబ్బరికాయంత. తుప్పు పట్టి, చేత్తో ముట్టుకుంటే ఎర్రగా అంటేది. రెండు రికార్డు గది తలుపు గాలికి కొట్టుకోకుండా అడ్డం పెట్టేవాళ్ళం. ఒకటి టీ కాచే కుర్రాడు అల్లం దంచడానికి తీసుకున్నాడు. మిగిలినవి మెట్ల కింద పడి ఉండేవి. ఎక్కడివని అడిగితే మా హెడ్డుగుమస్తాగారు, "బందరు కోటలోవని పాతవాళ్ళు అనుకునేవారయ్యా" అన్నారు. నేను విన్నాను, ఊరుకున్నాను.

1977 నవంబరు 19న దివిసీమ ఉప్పెన వచ్చింది. ఆ రోజులు మీలో చాలామందికి నేను చెప్పక్కర్లేదు. వేలమంది పోయారు. డెల్టాలో ఉద్యోగం చేసిన ప్రతివాడూ ఆ ఏడాది శవాల జాబితాలూ, సహాయం జాబితాలూ రాశాడు. మా ఆఫీసులో కూడా నీళ్ళు చేరి కాగితాలు తడిసిపోయాయి, సామాను పాడైంది. అది సర్దుకునేసరికి 1979 వచ్చింది. అప్పుడు పనికిరాని సామానంతా వేలం వేయమని ఉత్తర్వు. డెడ్ స్టాకు రిజిస్టరు నా చేతికి వచ్చింది. విరిగిన కుర్చీలు, తుప్పుపట్టిన టైపు మిషను, తిరగని ఫ్యాను, వాటితో పాటు ఈ గుండ్లు.

కాటా తెచ్చారు. మా అటెండరు పెద్దవాడు, నెమ్మదస్తుడు. "బాబుగారూ, ఒక్కొక్కటీ కాటా వేయించమంటారా?" అని అడిగాడు. నాకు అయిదు గంటల బస్సు అందుకోవాలి. "అక్కర్లేదు, అన్నీ కలిపి వేసెయ్" అన్నాను. రిజిస్టరులో ఒక్క వరస రాశాను. ఇనుప గుండ్లు, సంఖ్య 11, మొత్తం బరువు 62 కిలోలు, పనికిరానివి. పాత ఇనుము కొనే ఆసామి తీసుకెళ్ళాడు. డబ్బు చలానా కట్టించాం. ఆడిట్‌లో ఒక్క అభ్యంతరం రాలేదు. లెక్కప్రకారం అంతా సక్రమమే.

ఇప్పుడు ఆ గుండ్లు ఏమై ఉండవచ్చో చూద్దాం. మన బందరులో ఇంగ్లీషుపాలెం ఉంది, పరాసుపేట ఉంది, వలందపాలెం ఉంది. ఇంగ్లీషువారు, పరాసులు అంటే ఫ్రెంచివారు, వలందులు అంటే డచ్చివారు, ముగ్గురూ అక్కడ మకాం పెట్టినవాళ్ళే. డచ్చివారు 1605లో వచ్చారు. ఇంగ్లీషువారు 1611లో వచ్చారు. ఫ్రెంచివారు 1669లో కోఠీ పెట్టుకున్నారు. వచ్చింది అద్దకం బట్టలు కొనడానికే. కాని ప్రతి ఓడలోనూ ఫిరంగులు ఉండేవి. అసలు ఫిరంగి అన్న మాటే పరంగీల నుంచి వచ్చింది. ఆ యంత్రాన్ని తెచ్చిన మనిషి పేరే మనం దానికి పెట్టుకున్నాం.

1750 నుంచి బందరు ఫ్రెంచివారి చేతిలో ఉంది. 1758 డిసెంబరులో పిఠాపురం దగ్గర చందుర్తిలో కర్నల్ ఫోర్డ్ నాయకత్వాన ఇంగ్లీషువారు ఫ్రెంచివారిని ఓడించారు. విజయనగరం ఆనందరాజు ఇంగ్లీషువారి పక్షాన ఉన్నాడు. ఓడిన ఫ్రెంచి సేనాని కాన్‌ఫ్లాన్ బందరు కోటలోకి వచ్చి చేరాడు. ఫోర్డ్ 1759 మార్చిలో వచ్చి కోటను ముట్టడించాడు. చుట్టూ బురదనేల. బందరు తీరం లోతు లేనిది కదా, ఓడలు దూరంగా లంగరు వేసుకోవాలి. సామానంతా పడవల మీద రావాలి. ఆ స్థితిలో రెండువైపులా ఫిరంగులు మోగాయి. ఇంకోవైపు నుంచి నిజాం సలాబత్ జంగ్ సైన్యంతో వస్తున్నాడని కబురు. ఏప్రిల్ 7న ఇంగ్లీషు ఫిరంగి దళంవారు ఫోర్డుకు స్టాకు లెక్క చెప్పారు. ఇంకా రెండు రోజులకు సరిపడా మందే ఉందని. ఆ లెక్క విన్నాక ఫోర్డ్ ఇక ఆగలేదు. ఆ రాత్రే బురదలోంచి మనుషులను నడిపించి కోట మీద పడ్డాడు. తెల్లవారేసరికి కోట ఇంగ్లీషువారిది. మే నెలలో సలాబత్ జంగ్ ఇంగ్లీషువారితో ఒప్పందం చేసుకున్నాడు. ఉత్తర సర్కారుల్లో ఫ్రెంచివారి పెత్తనం దాంతో సరి.

మనం గుమస్తాలం కాబట్టి ఈ కథలో ఒక సంగతి గమనించాలి. కృష్ణా డెల్టా తలరాత మార్చిన ఆ రాత్రి వెనక ఉన్నది ఒక స్టాకు స్టేట్‌మెంటు. ఎంత మందు ఉంది, ఎన్నాళ్ళు వస్తుంది అని ఎవరో సరిగ్గా లెక్క చూశారు. 220 ఏళ్ళ తరవాత అదే డెల్టాలో, బహుశా అదే కోట నుంచి వచ్చిన గుండ్లకు నేను రాసిన స్టాకు స్టేట్‌మెంటు మీరు విన్నారు.

ఇంటికొచ్చాక ఒక మధ్యాహ్నం కాగితం పెట్టుకుని కూర్చున్నాను. ఫిరంగులకు పేర్లు గుండు బరువును బట్టి ఉండేవి. 12 పౌన్ల ఫిరంగి అంటే 12 పౌన్ల గుండు వేసేది. కాని పౌను అన్ని దేశాల్లోనూ ఒకటి కాదు. మన దగ్గర ఊరికో మానిక, ఊరికో కుంచం ఉన్నట్టే. ఇంగ్లీషు పౌను 453.6 గ్రాములు. ఫ్రెంచి పౌను 489.5 గ్రాములు. ఆమ్‌స్టర్‌డామ్ పౌను సుమారు 494 గ్రాములు. కాబట్టి 12 పౌన్ల గుండు కాగితం లెక్కలో ఇంగ్లీషుదైతే 5.44 కిలోలు, ఫ్రెంచిదైతే 5.87, డచ్చిదైతే 5.93.

నా రిజిస్టరులో 11 గుండ్లు, 62 కిలోలు. సగటు 5.64. ఇంగ్లీషుకూ ఫ్రెంచికీ మధ్య! అయిదు ఫ్రెంచివి, ఆరు ఇంగ్లీషువి అనుకుని వేసి చూశాను. 61.99 వచ్చింది. నిజం చెబుతున్నాను, కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. ఫోర్డువి ఆరు, కాన్‌ఫ్లాన్‌వి అయిదు, రెండు పక్షాల గుండ్లూ మా మెట్ల కింద పక్కపక్కనే ఉన్నాయన్నమాట! మా ఆవిడను పిలిచి చెప్పాను. "అయితే అల్లం దంచింది ఎవరిది?" అని అడిగింది.

సంతోషం ఆ సాయంత్రం దాకానే నిలిచింది. ఇంకో లెక్క వేశాను. పదకొండూ డచ్చివే అయి ఉంటే 65.23 కిలోలు. ఉప్పుగాలిలో రెండు మూడు వందల ఏళ్ళు ఉన్న ఇనుము తుప్పు రాల్చక మానదు. నూటికి అయిదు వంతులు పోయిందనుకుంటే ఎంత? 61.97. అదే 62! అన్నీ ఒకే పరిమాణంవన్న నమ్మకం కూడా లేదు, కంటితో చూసిన గుర్తే. పాత ఇనుము ఆసామి కాటా ఎంత నిజాయితీగలదో భగవంతుడికి ఎరుక. పైగా ఆ రోజుల్లో శత్రువు వేసిన గుండును ఏరి, నోటికి సరిపోతే తిరిగి వాడిమీదే వేసేవారు. కాబట్టి గుండు ఏ దేశంలో పోసిందో తెలిసినా, చివరికి కాల్చింది ఎవరో తెలియదు.

మొత్తం 62 అన్న ఒక్క అంకె ఏ కథకైనా ఒప్పుకుంటుంది. అదే పదకొండు వరసలు రాసి ఉంటే? ఒక్కొక్కదాని బరువు, ఒక్కొక్కదాని చుట్టుకొలత. తుప్పు అన్నిటినీ కొంచెం కొంచెం తినేది గాని, గుంపులు గుంపులుగా ఉన్నవి గుంపులుగానే కనబడేవి. ఆరు ఒకవైపు, అయిదు ఒకవైపు ఉన్నాయా, లేక పదకొండూ ఒకే గూటివా, ఆ సంగతి తేలిపోయేది. పావుగంట పని. నేను బస్సు అందుకున్నాను.

ఇంకొకటి కూడా చెప్పాలి. ఇది తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు జలదరిస్తుంది. ఫిరంగి గుండ్లలో బోలువి కూడా ఉండేవి. లోపల మందు కూరి, రంధ్రంలో వత్తి పెట్టి కాల్చేవారు. పడ్డవి కొన్ని పేలక అలాగే ఉండిపోయేవి. అమెరికాలో 2008లో, వర్జీనియా రాష్ట్రంలోనే, అంతర్యుద్ధం నాటి గుండును శుభ్రం చేస్తూ ఒక సేకరణకర్త అది పేలి చనిపోయాడు. 140 ఏళ్ళ పైబడిన మందు! ఆయన తెలియనివాడు కాదు, ఆ పనిలో అనుభవం ఉన్నవాడే. మా ఆఫీసులో కుర్రాడు రోజూ రెండుపూటలా గుండుతో అల్లం దంచాడు. అది గట్టి గుండు కావడం వాడి అదృష్టం. బోలు గుండు అదే పరిమాణంలో ఉన్న గట్టి గుండు కంటే బాగా తేలిక. చూడండి, ఒక్కొక్కటీ తూచడం చరిత్రకే కాదు, ప్రాణానికీ పనికొచ్చేది. ఆ కుర్రాణ్ణి, మా అటెండరునీ, నన్నూ కూడా ఏ లెక్కా లేకుండానే దేవుడు కాపాడాడు.

రాసిపెట్టడం వల్ల ఏం ఒరుగుతుందని ఎవరైనా అడిగితే మన పొరుగు రాష్ట్రంలో జరిగింది చెప్పండి. కర్ణాటకలో శివమొగ్గ జిల్లా నగర గ్రామం దగ్గర 2002లో పాత బావి పూడిక తీస్తుంటే ఇనుప గొట్టాల్లాంటివి దొరికాయి. మామూలు ఫిరంగి గుండ్లనుకుని మ్యూజియంలో పెట్టారు. పారేయలేదు, అది ముఖ్యం. పదేళ్ళు దాటాక, 2013లో, అవి హైదరలీ, టిప్పు సుల్తాన్ కాలంనాటి యుద్ధపు రాకెట్లని గుర్తించారు. 2018లో అక్కడే తవ్వితే వెయ్యికి పైగా దొరికాయి. ఆ మొదటివాటిని నాలాంటి గుమస్తా ఎవడైనా కలిపి కాటా వేసి అమ్మేసి ఉంటే, రెండోసారి తవ్వేవాళ్ళే ఉండేవారు కాదు.

మన దగ్గర ఇలాంటివి లేవని అనుకోకండి. బందరు కోట ఉంది. 1864 నవంబరు 1 ఉప్పెనలో బందరు ప్రాంతంలో సుమారు 30,000 మంది పోయారు. ఆ దెబ్బతో కోట పాడైంది, మరుసటి ఏడాది సైన్యాన్ని తీసేశారు. ఆ తరవాత అక్కడి రాయి, ఇటుక, ఇనుము ఎన్ని చేతులు మారి ఉంటాయో ఊహించుకోండి. ఇటు కొండపల్లి ఉంది. రెడ్డిరాజుల కోట, 1766లో జనరల్ కాలియాడ్ పట్టుకున్నాడు. ఇంగ్లీషు దండు 1859 దాకా అక్కడ ఉంది. ఇన్ని దండులు దిగినచోట గుండ్లు దొరక్క మానవు. బావి తవ్వినప్పుడు, చెరువు పూడిక తీసినప్పుడు, పాత ఇల్లు పడగొట్టినప్పుడు దొరుకుతాయి. దొరికినవి తలుపు దగ్గరికో, మెట్ల కిందికో, పాత ఇనుము కొట్టుకో వెళతాయి.

మనలో ప్రతివాళ్ళకూ ఏదో ఒక గ్రామంతో సంబంధం ఉంది. మనవలు, మేనల్లుళ్ళు రొయ్యల చెరువులు తవ్విస్తున్నారు, ఇళ్ళు కట్టిస్తున్నారు. అందుచేత నాలుగు మాటలు మనవి చేస్తాను.

మొదటిది, గుండ్రటి ఇనుము కనిపిస్తే దాన్ని కొట్టవద్దు, కాల్చవద్దు, గీకవద్దు, రంధ్రం ఉంటే పుల్ల పెట్టి చూడవద్దు. రంధ్రం ఉన్నా, ఉందేమో అన్న అనుమానం కలిగినా, దాన్ని కదిలించకుండా దూరంగా జరిగి పోలీసులకు చెప్పండి. తూకం, కొలత మన పని కాదు అప్పుడు.

రెండోది, ఎప్పటి నుంచో ఇంట్లోనో గుళ్ళోనో అరుగు మీదో ఉన్న గట్టి గుండు అయితే, దాని చుట్టూ దారం చుట్టి, ఆ దారాన్ని స్కేలు మీద కొలవండి. ఇంగ్లీషువారి 12 పౌన్ల గుండైతే చుట్టుకొలత సుమారు 35 సెంటీమీటర్లు వస్తుంది. ఫ్రెంచిది, డచ్చిది అంతకంటే పెద్దవి. కిరాణాకొట్టు త్రాసు మీద విడిగా తూచండి. పైన బాణం మొనలాంటి గుర్తు కనిపిస్తే ఇంగ్లీషు ప్రభుత్వపు సరుకని అనుకోవచ్చు.

మూడోది, నాలుగు గళ్ళు గీసి రాయండి. ఎక్కడ దొరికింది, చుట్టుకొలత ఎంత, బరువు ఎంత, ఎవరు ఏం చెప్పారు. ఈ నాలుగో గడి చిన్నదని వదిలేయకండి. "బందరు కోటలోవని పాతవాళ్ళు అనుకునేవారు" అన్న ఆ ఒక్కమాట కూడా నేను రిజిస్టరులో ఎక్కించలేదు. మా హెడ్డుగుమస్తాగారు ఇప్పుడు లేరు.

నాలుగోది చట్టం. 1878 నాటి ట్రెజర్ ట్రోవ్ చట్టం ప్రకారం భూమిలో దాగి ఉండి దొరికిన వస్తువు విలువ పది రూపాయలు దాటితే దొరికినవారు కలెక్టరుకు రాతపూర్వకంగా తెలియజేయాలి. పది రూపాయలు దాటని వస్తువు ఈ రోజుల్లో ఏముంది కనుక? కాబట్టి తవ్వకంలో దొరికితే అర్జీ పెట్టడమే మంచిది. అర్జీ రాయడం మనకొకరు నేర్పాలా?

వర్జీనియాలో ఆ పెద్దాయన గుండ్లు నిన్నగాక మొన్న పోసినవి. వాటికి చరిత్ర లేదు. అయినా ఒక్కొక్కదానికి ఒక వరస రాసి పెట్టుకున్నాడు, గురి కుదరాలని. నా దగ్గర ఉన్నవాటికి మూడు దేశాల చరిత్ర ఉండి ఉండవచ్చు. వాటికి నేను రాసింది అన్నిటికీ కలిపి ఒక్క వరస. జీతం తీసుకుని చేసిన పనిలో ఇది నాకు మిగిలిన బకాయి. ఇది ఏ పి.ఆర్.సి.లోనూ తీరదు.

చివరిగా ఒక మాట చెప్పి ముగిస్తాను. ఆ గుండ్ల గురించి నాకు గుర్తున్నదంతా ఒక కాగితం మీద రాశాను. ఆఫీసు ఏ ఊళ్ళో, ఏ సంవత్సరం, ఎన్ని, ఎంత బరువు, హెడ్డుగుమస్తాగారు అన్నమాట, అటెండరు అడిగిన ప్రశ్న, నేను చెప్పిన జవాబు. కింద తేదీ వేసి సంతకం పెట్టాను. కార్యదర్శిగారికి ఇస్తున్నాను. ఇన్‌వర్డు నంబరు వేసి ఫైలులో పెట్టమని మనవి. మీ దగ్గర కూడా ఇలాంటి కాగితాలు రాయవలసినవి ఉంటే, జ్ఞాపకం ఉండగానే రాసి ఇవ్వండి.